నా కిడ్నీలో లేని రాయి

నాకు కిడ్నీలో రాయి ఎప్పుడూ లేదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఒక ఎండాకాలమంతా బేగంబజార్‌లో మా గల్లీకి నేను రాయి కోడలిని. అంత పెద్ద రాయిని అంత బక్క మనిషి ఎలా మోసిందని ఎండుకొబ్బరి దుకాణాల దగ్గర కూడా మాట్లాడుకున్నారట. నేను మోసింది రాయి కాదు. మోసినన్నాళ్లూ ఎవరికీ చెప్పొద్దన్నారు, పోయాక అసలే చెప్పొద్దన్నారు.

మాది స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, మధ్యలో మెట్లు. పేరుకే మెట్లు, ఒక పక్కంతా గిన్నెల కట్టలు, గంగాళాలు, కుక్కర్ల అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. మా ఇంటికి ఎవరొచ్చినా పక్కకు తిరిగి ఎక్కాల్సిందే. ఇంట్లో ఉండేది ముగ్గురం: మా అత్తమ్మ, నా భర్త, నేను. మామయ్యను నేను ఫోటోలోనే చూశాను.

మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదన్నది చాలా ఇళ్లలో ఉన్నదే. మా ఇంట్లో అది కాస్త ముదిరింది. మా వాళ్లు లారీలో ఏ సరుకు వచ్చిందో చివరి పెట్టె దిగేదాకా పక్క దుకాణానికి తెలియనివ్వరు. కడుపుకూ అదే పద్ధతి పెట్టారు. బహదూర్‌పురాలో ఉన్న మా అమ్మకు చెప్పుకోవడానికి మాత్రం అత్తమ్మ ఒప్పుకుంది, అదీ ఫోన్‌లో కాదు, మనిషి వెళ్లి చెవిలో చెప్పాలి. నేను ఆటోలో వెళ్లి చెవిలో చెప్పి వచ్చాను. మా నాన్నకు చెప్పకూడదని అమ్మ తనంతట తనే తీర్మానించుకుంది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

డాక్టర్ని కూడా దగ్గర్లో చూసుకోలేదు. చాంద్రాయణగుట్ట దాటాక ఒక చిన్న నర్సింగ్ హోమ్ వెతికారు. అక్కడైతే మన బజారు మనుషులు ఎదురుపడరని అత్తమ్మ లెక్క. అంత దూరం ఆటోలో గుంతల్లో ఊగుతూ వెళ్లడం మంచిదేనా అని నేను అడిగాను.

"దిష్టి కంటె గుంతలు నయం బిడ్డా" అంది అత్తమ్మ.

మూడో నెల నడుస్తుండగా ఆ నర్సింగ్ హోమ్‌లోనే స్కానింగ్ చేసి, లోపల గుండె కొట్టుకోవడం లేదని చెప్పారు. డాక్టరమ్మ తెరను తనవైపు తిప్పుకుంది. గదిలో ఏసీ కారి కింద పెట్టిన బకెట్‌లో చుక్కలు పడుతున్నాయి, నేను ఆ బకెట్‌నే చూస్తూ ఉన్నాను. ఏడుపు అప్పుడు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఫ్లైఓవర్ కింద ఆటో ఆగితే అప్పుడు వచ్చింది. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి, మా ఆయన నన్నేదో అన్నాడనుకున్నాడు.

"ఐసా నక్కో కరో భాయ్, ఘర్‌వాలీ హై" అని, ఇంటావిడతో అలా చేయొద్దని ఆయన్ని మందలించాడు.

"సారీ భాయ్" అన్నాడు మా ఆయన. నా భర్త అలాంటి మనిషి. ఎవరు తిట్టినా ముందు సారీ చెప్తాడు, తర్వాత ఎందుకో ఆలోచిస్తాడు.

మర్నాడు మత్తు ఇచ్చి లోపల ఉన్నది తీసేశారు. నర్సు దాన్ని క్లీనింగ్ అంది. మేము దీపావళికి ముందు దుకాణానికి చేసేదాన్ని క్లీనింగ్ అంటాం, ఒంటికి కూడా ఆ మాటే వాడతారని నాకు తెలియదు. రక్తం కొన్నాళ్లు పోతుంది, మెల్లగా తగ్గాలి, తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, వాసన వచ్చినా వెంటనే రండి అని చెప్పి పంపించారు. నేను తలూపాను. మా ఆయనా తలూపాడు.

ఇంటికి వచ్చేసరికి మెట్ల దగ్గర చాచా ఉన్నాడు. చాచా మా మామయ్య కాలం నుంచీ మా దుకాణానికి బరువులు మోసే హమాలీ. ఇద్దరు పట్టుకుని నన్ను ఆటోలోంచి దించడం చూసి కంగారుపడ్డాడు.

"క్యా హువా అమ్మా, బహూ కో?"

అత్తమ్మ రెప్పవేయలేదు. "కిడ్నీల రాయి. ఆపరేషన్ అయింది" అంది.

పైకెక్కాక మంచంలో వాలి, రాయే ఎందుకు అని అడిగాను.

"ఏదొకటి చెప్పాలె గదా. జరమంటె రెండొద్దులల్ల లేవాలె. రాయంటె మంచిగ పండుకోవచ్చు" అంది.

అబద్ధంలో కూడా నాకు విశ్రాంతి దొరికేది చూసి చెప్పింది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు, ఒళ్లు మండింది. జబ్బుల గురించి ఆవిడకు తెలిసినంత ఎవరికీ తెలియదని మా ఇంట్లో పేరు. పెళ్లయిన కొత్తలో ఆవిడకు టైఫాయిడ్ వచ్చింది. నెలల తరబడి మంచం దిగలేదట, జడ మొత్తం ఊడిపోయిందట. మా ఇంట్లో కాలానికి అదే కొలత. దుకాణానికి షట్టర్ పెట్టించింది టైఫాయిడ్ మరుసటేడు. పెద్ద కాటా కొన్నది టైఫాయిడ్‌కు ముందు. మా ఆయన టైఫాయిడ్ అయిన కొన్నేళ్లకు పుట్టాడు. కొత్తగా వచ్చినప్పుడు, టైఫాయిడ్ అనేది ఏదో పండగేమో అన్నంత తరచుగా విన్నాను ఆ మాట.

రాయి కబురు సాయంత్రానికి గల్లీ దాటింది. మొదట వచ్చింది పక్కనే ఉన్న పప్పుల దుకాణం పెద్దమ్మ. అత్తమ్మకు స్నేహితురాలు, పోటీదారు, రెండూ ఆవిడే. కుర్చీలో కూర్చోకముందే అడిగింది.

"ఎంత సైజు రాయి?"

అత్తమ్మ దీనికి తయారుగా లేదు. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా ఆయన, "పన్నెండు ఎం.ఎం. పెద్దమ్మా" అన్నాడు. అది హోటళ్లకు మేము అమ్మే దోసె పెనం మందం. భయంలో ఆయన నోటికి ఆ అంకె ఒక్కటే వచ్చిందట.

"పన్నెండా" అని పెద్దమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "మా మరిది ఎనిమిది ఎం.ఎం.కే ఇల్లు పీకి పందిరేసిండు. నీ కోడలు సప్పుడు లేకుంట పన్నెండు మోసింది."

అంతే, మర్నాటి నుంచి మా ఇల్లు తీర్థమైంది. రాయి ఉన్నవాళ్లు, రాయి పోయినవాళ్లు, రాయి వస్తుందేమోనని భయపడేవాళ్లు పక్కకు తిరిగి మెట్లెక్కి వచ్చారు. ఉలవకట్టు తెచ్చారు. అరటి ఊచ రసం తెచ్చారు. కొండపిండి ఆకు కషాయం ఒకావిడ సీసాలో పోసుకొచ్చి, నేను చివరి చుక్క మింగేదాకా ఎదురుగా కూర్చుంది. ఎదురు మేడ మీది మార్వాడీ భాభీ, ఇంట్లో ఉల్లిపాయ కూడా కోయని మనిషి, నా చెవి దగ్గరకు వంగి, "బీర్ తాగితే పోతుంది, ఎవరికీ చెప్పకు" అంది. కబురు చెవిలో చెప్పే పద్ధతి మా ఒక్క ఇంట్లోనే కాదని తెలిసింది.

నేను అన్నీ తాగాను. తాగకపోతే రాయి మీద అనుమానం వస్తుందని అత్తమ్మ కళ్లతోనే చెప్పేది. మా అమ్మ రోజూ ఫోన్ చేసి, "రాయి ఎట్లున్నది బిడ్డా" అని అడిగేది, పక్కన మా నాన్న ఉండేవాడు కాబట్టి. "బాగానే ఉందమ్మా" అనేదాన్ని. ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని కాసేపు ఉండేవాళ్లం. నాకు ఆ కాసేపు చాలా అవసరంగా ఉండేది.

ఆ తర్వాత రాయిని చూపించమన్నారు. మా బజారులో సరుకు కంటితో చూడకుండా ఎవరూ నమ్మరు. ఆసుపత్రి వాళ్లు ఇవ్వలేదని అత్తమ్మ ఒకరిద్దరికి చెప్పి చూసింది, వాళ్ల మొహాలు వాడిపోయాయి. ఒక ఉదయం కందిపప్పు చేటలో పోసి రాళ్లు ఏరుతుంటే, కాస్త పెద్దది, గోధుమరంగుది, ఒక మూల విరిగింది తగిలింది. అత్తమ్మ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని ఎండలో పెట్టి చూసింది. నా వైపు చూసింది. అప్పటికి నాకు కాదనే ఓపిక పోయింది. మూతున్న చిన్న కుంకుమ భరిణెలో దూది పరిచి అందులో ఆ రాయిని పెట్టింది.

పప్పుల పెద్దమ్మే దాన్ని మొదట చూసింది. కళ్లజోడు తెప్పించుకుని మరీ చూసింది. ఆ కందిపప్పు వాళ్ల దుకాణందే. తన పప్పులో వచ్చిన రాయికి తనే దండం పెట్టినంత పని చేసి, "పాపం బిడ్డ" అని నా తల నిమిరింది. అత్తమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడవైపు తిరిగి నవ్వాను. నవ్వితే పొత్తికడుపు పట్టేసింది, రక్తం గుబుక్కున వచ్చింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

అసలు లొల్లి నా ఒంట్లో నడుస్తోంది. రక్తం తగ్గాలన్నారు, తగ్గలేదు. ఒకరోజు ఆగినట్టే ఆగేది, మర్నాడు గడ్డలు గడ్డలుగా పడేది. నడుము లాగేది. అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే వేవిళ్లు పోలేదు. పక్కన ఎవరింట్లోనో పోపు పడితే చాలు, వాంతికి పరుగెత్తేదాన్ని. రొమ్ములు సలిపేవి. బిడ్డ లేదన్న కబురు ఒంటికి ఇంకా అందలేదు. గల్లీకి చెప్పనట్టే దానికీ ఎవరూ చెప్పలేదు. ఆ వాంతులు చూసి వచ్చినవాళ్లు, "ఇంకో రాయి ఉన్నట్టుంది" అని తల పంకించేవారు. కొన్నాళ్లకు మా ఆయన కూడా, "ఇంకోటి ఉందేమో చూపిద్దామా" అన్నాడు. అన్నాక తనే నాలుక కరుచుకున్నాడు.

ఇక్కడ ప్యాడ్ల సంగతి చెప్పాలి. మా బజారులో అవి కూడా హోల్‌సేలే. ఒకటి రెండు ప్యాకెట్లు అడిగితే మనిషిని కిందా మీదా చూస్తారు. రాయి ఆపరేషన్ అయిన మనిషికి ప్యాడ్లెందుకని అనుమానం రాకూడదని, మా ఆయన మూడు గల్లీల అవతల ముఖం తెలియని దుకాణంలో పెట్టెకు పెట్టే కొన్నాడు. దాన్ని అలాగే తెస్తే బొమ్మ కనబడుతుంది కదా. మా దుకాణంలోని కుక్కర్ల అట్టపెట్టెలో వాటిని సర్ది, టేపు వేసి, మెట్ల మీద కుక్కర్ల వరసలోనే పెట్టాడు. కావలసినప్పుడల్లా పక్క మూత ఎత్తి తీసుకునేదాన్ని. వాడినవి పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్‌లో వేసి, ఎవరి కంటా పడకుండా పారేయమని అత్తమ్మ చెప్పింది. అలాగే పారేసేదాన్ని. అంత జాగ్రత్తగా పారేశాను, ఎంత రక్తం పోతోందో ఆవిడ కంట కూడా పడలేదు.

ఒక మధ్యాహ్నం చూస్తే ఆ పెట్టె లేదు. చాచా తెల్లారకముందే కుక్కర్ల వరస మొత్తం ఎత్తి, నిజామాబాద్ నుంచి వచ్చిన ఆర్డర్ లారీలో వేశాడు. ఆయన తప్పేముంది, పెట్టె మీద కుక్కర్ బొమ్మే ఉంది. కాసేపటికి నిజామాబాద్ వ్యాపారి ఫోన్ చేశాడు. మా ఆయన స్పీకర్‌లో పెట్టి, గుమ్మంలో నిలబడి నన్ను చూస్తూ మాట్లాడాడు.

"సేట్, సరుకు ముట్టింది. గని ఒక పెట్టెల కుక్కర్ లేదు, ఆడోళ్ల ప్యాడ్లున్నయి. ఇదేమన్న కొత్త స్కీమా?"

మా ఆయన "అవునన్నా, స్కీమే" అన్నాడు.

"మంచిగుంది సేట్. ఈసారి పది పెట్టెలు పంపు, ఆడోళ్లు ఎగబడి కొంటరు."

నాకు నవ్వు రాలేదు. అప్పటికే వణుకు మొదలైంది. దుప్పటి కప్పుకున్నా పళ్లు కొట్టుకుంటున్నాయి, కింద తడి ఆగడం లేదు, ఇంట్లో ఒక్క ప్యాడ్ లేదు. అత్తమ్మ తన పాత నూలు చీర చించి మడతలు పెట్టి ఇచ్చింది. కాసేపటికి ఆ గుడ్డలు తీసుకుని నానబెట్టడానికి బాత్రూమ్‌కు వెళ్లింది. నీళ్ల చప్పుడు వినబడలేదు.

బయటికి వచ్చినప్పుడు ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా నుదుటి మీద తడి చెయ్యి పెట్టింది.

"ఎన్నడి సంది గిట్ల పోతుంది?"

"మొదటి నుంచీ."

"నాకు చెప్పలేదేంది బిడ్డా?"

"అందరూ రాయి గురించే కదా అడుగుతున్నారు, అత్తమ్మా" అన్నాను. ఎత్తిపొడుపుగా అనాలనుకున్నాను, గొంతు పీలగా వచ్చింది.

"ఈ వాసన నాకెరుకే" అందావిడ. ఎలా ఎరుక అని అడిగే స్థితిలో లేను.

అప్పుడు ముందు గదిలో పప్పుల పెద్దమ్మ, భాభీ కూర్చుని ఉన్నారు, ఉలవకట్టు సరిగ్గా కాచడం ఎలాగో వాదించుకుంటూ. అత్తమ్మ వాళ్ల మధ్యలోంచి వెళ్లి కొడుకును కేకేసింది. ఇద్దరూ కలిసి నన్ను లేపారు. మెట్ల మీద పక్కకు తిరగాలి, నేను తిరగలేకపోయాను. పెద్దమ్మ వెనక నుంచి నా చంకల్లో చేతులు వేసి పట్టుకుంది. మూతలు దొర్లాయి, గంగాళం ఒకటి మాకన్నా ముందే కిందికి వెళ్లింది.

కింద గల్లీలో ఆటో దూరే సందు లేదు. ఒక లారీలోంచి సామాను దిగుతోంది, దాని వెనక తోపుడుబళ్లు, వాటి వెనక స్కూటర్లు. చాచా తన బండి మీది పెట్టెలు దించి, గోనెసంచులు పరిచాడు. నన్ను దాని మీద పడుకోబెట్టారు. తొందరలో దించకుండా మిగిలిపోయిన ఒక కుక్కర్ నా తల పక్కనే ఉంది, బండి కదిలితే దాని విజిల్ గలగలమనేది.

నాలుగడుగులు పోయామో లేదో జనం మూగారు. గల్లీకంతా నేను తెలిసిన మనిషిని కదా.

"రాయి మల్ల వచ్చిందా?"

"బార్లీ నీళ్లు తాపుండ్రి ముందు."

"పన్నెండు ఎం.ఎం. తీసిన డాక్టర్ దగ్గర్కే పోండ్రి, వేరే దగ్గర్కి పోకుండ్రి."

ఒకాయన నిజంగానే బార్లీ నీళ్ల సీసా తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందరూ సాయం చేస్తూ దారికి అడ్డంగా నిలబడ్డారు. రాయి నొప్పికి ఎవరూ చచ్చిపోరని వాళ్లందరికీ తెలుసు. ఆకాశం కరెంటు తీగల మధ్య ముక్కలు ముక్కలుగా కనబడుతోంది, నా కాళ్లు చల్లబడుతున్నాయి, నేను చచ్చిపోతానేమోనని మొదటిసారి భయం వేసింది. కుక్కర్ పక్కన, ఒక అబద్ధం జబ్బుతో.

అప్పుడు అత్తమ్మ బండి ముందుకు వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. మెట్ల దగ్గర కూడా గొంతు తగ్గించి మాట్లాడే మనిషి, గల్లీ చివరి దుకాణం దాకా వినబడేట్టు అరిచింది.

"రాయి లేదు, రప్ప లేదు. నా కోడలికి కడుపు పోయింది. కడిగినా లోపల మిగిలింది. నెత్తురు ఆగుతలేదు. బండ్లు తీయుండ్రి."

అర్థం కాని వాళ్లు ఉంటారని మళ్లీ ఉర్దూలో అంది. "మేరీ బహూ కా బచ్చా గిర్‌గయా. ఖూన్ నై రుక్‌రా. రాస్తా దేవ్."

బేగంబజార్ పట్టపగలు నిశ్శబ్దంగా ఉండటం నేను ఆ ఒక్కసారే విన్నాను. తర్వాత అంతా ఒకేసారి కదిలింది. మోపులు భుజాలకెక్కాయి, స్కూటర్లను చేతులతో ఎత్తి అరుగుల మీద పెట్టారు, లారీ హారన్ కొట్టకుండా వెనక్కి వెళ్లింది. బార్లీ నీళ్లాయన సీసా జేబులో పెట్టుకుని బండికి ఒక పక్క చెయ్యి వేసి తోశాడు. నాకు సిగ్గు వేస్తుందనుకున్నాను, వేయలేదు. నా గురించి ఒక నిజమైన మాట మొదటిసారి గాల్లో వినబడింది. ఆ స్థితిలో కూడా నాకు హాయిగా అనిపించింది.

చాంద్రాయణగుట్ట దాకా వెళ్లే పని తప్పింది. ఇక ఎవరి దగ్గర దాచాలి? పెద్ద రోడ్డెక్కి, ఆటోలోకి మార్చి, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఒక కుర్ర డాక్టర్ కాగితం తీసి, ఏమైందని మా ఆయన్ని అడిగాడు.

"కిడ్నీ స్టోన్. పన్నెండు ఎం.ఎం." అన్నాడు మా ఆయన.

అలవాటైపోయింది పాపం. ఆ కుర్రాడు స్ట్రెచర్‌ని వేరే వార్డు వైపు తిప్పబోయాడు. అత్తమ్మ కొడుకు వీపు మీద ఒక్కటిచ్చి, స్ట్రెచర్ పట్టీ పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఏ నెలలో పోయిందో, ఎప్పుడు కడిగారో, గుడ్డలు ఎలా తడిశాయో, వాసన ఎలా ఉందో. పెద్ద డాక్టరమ్మ విని, ఇంకెవరినీ ఏమీ అడగలేదు. లోపల చిన్న ముక్క మిగిలిపోయి చీము పట్టింది. రక్తం ఎక్కించి, మందులు ఎక్కించి, మళ్లీ మత్తు ఇచ్చి తీశారు. ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని తర్వాత చెప్పింది.

కోలుకోవడం గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. సూది గుచ్చిన చెయ్యి గుమ్మడికాయలా వాచింది. బాత్రూమ్‌కు గోడ పట్టుకుని వెళ్లి, గోడ పట్టుకుని వచ్చి, ఆ పనికే నిద్రపోయేదాన్ని. ఐరన్ మాత్రలకు నోరంతా మేకులు నమిలినట్టుండేది. ఒక మధ్యాహ్నం పక్క మంచం వాళ్ల టిఫిన్ డబ్బాలోంచి పోపు వాసన వచ్చింది. వాంతి కోసం లేచి కూర్చున్నాను. ఏమీ కాలేదు. నా ఒంటికి కబురు అందింది. ఆ రోజు ఏడ్చినంత నేను ఇంకెప్పుడూ ఏడవలేదు. ఈసారి మా ఆయన సారీ చెప్పలేదు, నా పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు.

ఇంటికి వచ్చాక, ఇక గల్లీలో తలెత్తుకోలేమని అనుకుంటూ కూర్చున్నాం. రెండ్రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు పప్పుల పెద్దమ్మ వచ్చింది. నా పక్కన కూర్చుని, భరిణె అడిగి తీసుకుని, రాయిని అరచేతిలో వేసుకుంది.

"ఇది మా పప్పుల రాయి" అంది. "పుట్టి బుద్ధెరిగినప్పటి సంది ఏరుతున్న, గుర్తు పట్టనా?"

"మరి ఆ రోజు ఏమీ అనలేదే" అన్నాను.

"మీ అత్త చూపెట్టింది, నేను చూసిన." కిటికీలోంచి రాయిని గల్లీలోకి విసిరేసింది. "నాకు అప్పట్ల అపెండిక్స్ అన్నరు. పొట్ట మీద కుట్టు లేదు, ఏం లేదు. ఒక్కరన్న అడుగుతరేమో అని చూసిన."

ఆ తర్వాత భాభీ వచ్చింది. ఆవిడకు పెళ్లయిన ఏడాది వచ్చిన కామెర్లు కామెర్లు కావు. ఇంకొకావిడకు వచ్చిన మలేరియా మలేరియా కాదు. మా గల్లీలో ఆడవాళ్లకు ఇన్ని జబ్బులేమిటా అని కాపురానికి వచ్చినప్పటి నుంచీ అనుకునేదాన్ని, ఇక్కడి నీళ్లు మంచివి కావేమోనని మా అమ్మతో కూడా అన్నాను. ఒక్కొక్కరే వచ్చి తమ జబ్బును వెనక్కి తీసుకుంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. అత్తమ్మ మాత్రం మూల కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉంది.

ఎండలు తగ్గేసరికి నా జుట్టు ఊడటం మొదలైంది. పెద్ద జ్వరం తర్వాత అది మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. ఒక ఉదయం పైన వరండాలో అత్తమ్మ నూనె రాసి దువ్వుతోంది. దువ్వెన నిండా వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టుకుంటోంది.

"నాకు గూడ గిట్లనే ఊడింది" అంది.

"టైఫాయిడ్‌లో కదా."

దువ్వెన ఆగింది. "నాకు టైఫాయిడ్ రాలే బిడ్డా."

నేను తల తిప్పలేదు. తిప్పితే చెప్పడం మానేస్తుందని భయం.

"అయిదో నెల. ఆడపిల్ల. చేతులు, కాళ్లు అన్నీ ఉండె. మీ మామయ్యనే అందరికీ టైఫాయిడ్ అని చెప్పిండు. చెప్పంగ చెప్పంగ ఆయన గూడ నమ్మిండు. ఒకనాడు నన్నే అడిగిండు, నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఏ డాక్టర్‌కు చూపెట్టినమని."

"మీ అబ్బాయికి తెలుసా?"

"ఎవ్వలకెరుక?"

దువ్వెన మళ్లీ కదిలింది. కింద దుకాణంలో షట్టర్ పట్టేస్తోందని మిస్త్రీని పిలిచారు, సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. మా ఆయన మెట్ల కిందనుంచి ఎప్పటిలాగే కేకేశాడు.

"అమ్మా, ఈ షట్టర్ ఎప్పుడు పెట్టించినం? మిస్త్రీ అడుగుతుండు."

ఆ జవాబు మా ఇంట్లో గోడలకు కూడా వచ్చు. అత్తమ్మ లేచింది, నా వెంట్రుకలు వేలికి అలాగే ఉన్నాయి. పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి వంగింది.

"మీ అక్క పోయిన మరుసటేడు" అంది, గల్లీకి వినబడేట్టు.

సుత్తి ఆగింది. ఏదో మూత కిందపడి, చాలాసేపు తిరిగి తిరిగి ఆగింది. తర్వాత మెట్ల మీద మా ఆయన అడుగులు వినిపించాయి, పక్కకు తిరగకుండా, గిన్నెలన్నిటికీ తగులుకుంటూ.